విశ్రాంతి పంటులో ఉసిరి పచ్చడి

203వ రోజు

ఈ పుస్తకంలో నాకు గీసిచ్చిన గళ్ళు నాలుగు: పేరు, పంటు సంఖ్య, రంగు, వ్యాఖ్యలు. చివరి గడి వెడల్పు రెండు వేళ్ళు. పట్టీలు వచ్చి రెండు వందల రోజులు దాటినా అందులో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. ఇవాళ్టి నుంచి నాకు తోచింది రాస్తాను. చోటు చాలకపోతే వెనక పేజీలోకి పోతాను.

నా పేరు గుబ్బల వీరవేణి. పంట్ల పట్నంలో రంగు చూసే ఉద్యోగం. సముద్రం కోనసీమను కలిపేసుకున్నాక మిగిలినవాళ్ళం నీళ్ళ మీద తేలే ఈ ఆరు ఇనప పంట్ల మీద ఉంటున్నాం. మొత్తం నాలుగు వందల పన్నెండు మందిమి.

ఉదయం ఆరింటికి నా గది ముందు వరస మొదలవుతుంది. ఒక్కొక్కరూ వచ్చి చెంచాలో ఉమ్ముతారు. అందులో నేను కాగితం పట్టీ ముంచుతాను. పట్టీ కొసన సీరియం నలుసులు అద్ది ఉంటాయి, కంటికి ఆననంత చిన్నవి. ఒంట్లో ఎంజైములు చేసే పని అవి చేస్తాయి. చేసి, పట్టీ మీది రంగుమందును నీలంగా మారుస్తాయి. ఉమ్ములో యూరిక్ ఆమ్లం ఎక్కువైతే ఆ నీలం విరిగిపోయి పట్టీ తెల్లగానే ఉండిపోతుంది. నీలమైతే మూత్రపిండాలు బాగున్నట్టు, తెలుపైతే చెడినట్టు. సముద్రపు నీళ్ళు వడగట్టుకుని తాగే ఊళ్ళో ముందు పోయేవి మూత్రపిండాలే. మొదటి నెలలోనే ఈ పట్టీలు నలుగురు రోగులను పట్టిచ్చాయి. ఆ నలుగురూ ఇవాళ బతికి ఉన్నారు. అది కూడా రాయకపోతే అన్యాయం.

పట్టీలు రాకముందు రోగాలు చూసే పని జైబున్నీసా డాక్టరమ్మది. ఇప్పుడావిడకు దుప్పట్లు లెక్కపెట్టే పని ఇచ్చారు. ఆవిడ స్టెతస్కోపును పరిపాలన భవనంలో అద్దాల పెట్టెలో పెట్టి, కింద 'పూర్వకాలపు పనిముట్టు' అని రాశారు. ఆవిడ వయసు యాభై ఎనిమిది.

ఇవాళ నీలం 409, తెలుపు 3. ముగ్గురూ తోట పంటులో పనిచేసే ఆడవాళ్ళే. తోటలో పీపాల్లో పెంచిన ఉసిరి చెట్లు తొలిసారి కాశాయి. ముందు ఆ ముగ్గురూ కొంగులో కాయలు పోసుకుని తింటూ వరసలో నిలబడ్డారు. తర్వాత మూత్రపిండాలు చెడినట్టు నిర్ధారణ అయింది. రోగులను ఉంచే విశ్రాంతి పంటుకు పంపాను.

206వ రోజు

తెలుపు 19.

కమలాకరం గారు వచ్చారు. ఆయన ఆరోగ్య నిర్దేశకులు. వైద్యుడు కాదు గాని, వైద్యం మీద గట్టి అభిప్రాయాలున్న మనిషి.

"వీరవేణీ, మూత్రపిండాల వ్యాధి అంటుకుంటోంది" అన్నారు.

"అది అంటుకునే జబ్బు కాదు కదండీ."

"నిన్నటి దాకా కాదు. మూడు రోజుల్లో ముగ్గురు పంతొమ్మిది మందయ్యారు. అంటుకోకుండా ఎలా అవుతారు?"

"పట్టీలో ఏదైనా తేడా ఉందేమోనండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఒంట్లో ఎంజైము వేడి తగిలితే చస్తుంది. ఉప్పు తగిలితే చస్తుంది. సీసాలో పోసి నాలుగు రోజులుంచితే చస్తుంది. మన నలుసు చావదు. చావనిది తప్పెలా చూపిస్తుందమ్మా?"

ఆ మాట ఆయనకు బాగా నచ్చినట్టుంది, మధ్యాహ్నానికల్లా దాన్ని బోర్డు మీద రాయించి నా గదికి తగిలించారు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. తెల్లబడ్డవాళ్ళందరికీ యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే బిళ్ళలు రోజుకు రెండు. పట్టీ నీలంగా మారేదాకా పంటు దాటకూడదు. తోటలో పంట ఎక్కువైంది కాబట్టి, వాళ్ళకు బలం చేకూరడానికి మూడు పూటలా ఉసిరి పచ్చడి.

209వ రోజు

ఇవాళ నూకరత్నం పట్టీ తెల్లబడింది.

నూకరత్నం నా స్నేహితురాలు. పంట్ల అడుగున ఇనుము చీలితే నీళ్ళలోకి దిగి వెల్డింగు చేసే మనిషి ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే. వరసలో తన వంతు వచ్చేసరికి భుజం మీద నిలువెత్తు ఇనప గొట్టం ఉంది. దాన్ని దించకుండానే వంగి చెంచాలో ఉమ్మింది.

"ఏంటే, అలా సూత్తన్నావు?" అంది.

"తెల్లగా వచ్చిందే."

"అయితే ఇంకోటి ముంచు."

"ఒకరికి ఒకటే. రెండోది ముంచితే పట్టీని అనుమానించినట్టట. రూలు."

"ఒసే వేణీ, నాకేం రోగమే? తెల్లారగట్ల లేచి మూడో పంటు కింద గంటసేపు పని చేసి వచ్చేను. ఉసిరికాయ నంజుకుని సద్దన్నం రెండు పళ్ళేలు లాగించేను. నా మొకం సూడు. రోగమున్నదాని మొకంలా ఉందా?"

చూశాను. లేదు. అయినా రంగు గడిలో 'తెలుపు' అని రాశాను. నాకు జీతమిచ్చేది రంగు చూడమని. పొద్దున ఆ ముక్క రాస్తున్నప్పుడు రాని సిగ్గు, సాయంత్రం ఈ వ్యాఖ్య రాస్తుంటే వస్తోంది.

ఆమె గొట్టం దించి నా గది గోడకు ఆనించింది. "రెండ్రోజుల్లో వచ్చేత్తాలే. నువ్వలా ఏడుపు మొకం పెట్టకు" అని చెప్పి, తనే నన్ను ఓదార్చి వెళ్ళింది.

211వ రోజు

తెలుపు 88. ఊళ్ళో అయిదోవంతు మంది విశ్రాంతి పంటులో ఉన్నారు. అలాగే పెరిగితే ఇంకో రెండు వారాల్లో రోగులందరూ ఒకచోట, కమలాకరం గారు ఒక్కరూ ఒకచోట ఉంటారు.

నూకరత్నాన్ని చూడ్డానికి వెళ్ళాను. గుమ్మంలో జైబున్నీసా డాక్టరమ్మ దుప్పట్లు మడత పెడుతున్నారు. నన్ను చూడగానే చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు.

నూకరత్నం గోడకు తిరిగి పడుకుని ఉంది. మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. కళ్ళు మండుతున్నాయంటోంది. పెదాలు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి.

"బిళ్ళ పడలేదు. కొందరి ఒంటికి ఈ మందు అసలు పడదు. పడనివాళ్ళ చేత మింగిస్తూ పోతే చర్మం ఊడి వస్తుంది. కళ్ళు పోతాయి. ప్రాణమూ పోవచ్చు" అన్నారు డాక్టరమ్మ.

"కమలాకరం గారికి చెప్పారా?"

"చెప్పాను. దద్దుర్లు జబ్బులో రెండో దశ అన్నారు. రెండో దశ కనిపెట్టినందుకు నన్ను మెచ్చుకున్నారు కూడాను."

ఆవిడ నవ్వలేదు. గొంతు తగ్గించి చెప్పారు. "వేణమ్మా, ఇక్కడున్న ఒక్కొక్కరి కాళ్ళూ నొక్కి చూశాను. నీరు లేదు. మూత్రం చూశాను. తేటగా ఉంది. వీళ్ళలో ఎవరికీ మూత్రపిండాల జబ్బు లేదు."

"మరి పట్టీ ఎందుకు తెల్లబడుతోందండీ?"

"నీలాన్ని విరిచేది యూరిక్ ఆమ్లం ఒక్కటే కాదు. అసలు ఎంజైము తనకు కావలసినదాన్ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకోదు. మీ నలుసులకు ఆ పట్టింపు లేదు. ఏది దొరికితే దానితో కలుస్తాయి. వీళ్ళ నోట్లో ఏదో ఉంది."

సరిగ్గా అప్పుడే భోజనాలు వచ్చాయి. ఒక్కో పళ్ళెంలో అన్నం, అన్నం పక్కన ముద్దంత ఉసిరి పచ్చడి. డాక్టరమ్మ పళ్ళెం వైపు చూశారు. నేనూ చూశాను.

212వ రోజు

వరస అయిపోయాక తలుపేసుకుని నా మీద నేనే పరీక్ష చేసుకున్నాను. రూలు ప్రకారం నాకు ఒక్క పట్టీయే రావాలి. అయిదు వాడాను.

ఏమీ తినకముందు: నీలం.
ఒక ఉసిరికాయ నమిలాక: తెలుపు. పాలంత తెలుపు.
నోరు పుక్కిలించిన వెంటనే: లేత నీలం.
రెండు గంటలు ఏమీ తినకుండా ఉన్నాక: ముదురు నీలం.
మళ్ళీ ఒక ముక్క కొరికాక: తెలుపు.

అయిదింటినీ వరసగా అట్ట మీద అంటించుకుని కమలాకరం గారి దగ్గరికి పరిగెత్తాను. ఉసిరిలో ఉన్న సి విటమిను నీలాన్ని విరిచేస్తోందనీ, జనం నోళ్ళలో ఉన్నది రోగం కాదు, పచ్చడనీ చెప్పాను. రోగులకు పచ్చడి మానిపించి, నోరు కడిగించి, రెండు గంటల తర్వాత చూస్తే అందరూ నీలమవుతారన్నాను.

ఆయన అట్టను చాలాసేపు చూశారు. "ఉసిరి ఆరోగ్యానికి మంచిదా, కాదా?"

"మంచిదేనండి."

"మంచిది తింటే చెడ్డ రంగు ఎందుకొస్తుంది?"

"అదేనండీ నేను చెప్పేది. పట్టీకి ఆ తేడా తెలియదు."

"నువ్వు కావాలని ఉసిరికాయ తిని పట్టీని తప్పుదోవ పట్టించావు. అది నీ తప్పు గాని దానిది కాదు" అన్నారు. అట్టను సొరుగులో పెట్టి తాళం వేశారు.

గంటలో ఉత్తర్వు వచ్చింది. రంగు చూసే ఉద్యోగులు ఇకమీదట పని వేళల్లో ఏమీ తినరాదు. రోగుల ఆహారంలో మార్పు లేదు.

214వ రోజు

నూకరత్నం నోరంతా పుండ్లు. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. డాక్టరమ్మ తడిగుడ్డతో కాసిని మంచినీళ్ళు మాత్రం నోట్లో పిండుతున్నారు. వీపు మీద చర్మం తడిసిన కాగితంలా లేస్తోంది.

రోగులను నా గదికి నడిపించరు, నేనే పట్టీలు తీసుకుని అక్కడికి వెళ్ళాలి. ఆమె పెదాల మధ్య పట్టీ ఆనించాను. నీలమైంది. మెరిసే నీలం. అన్నం తినలేదు, పచ్చడి నంజుకోలేదు. అందుకని నీలం.

నా వెనకే కమలాకరం గారు నిలబడి ఉన్నారు. "నీలం!" అని ఒక్క అరుపు అరిచారు. పంటులో ఉన్న వందా ముప్పై ఏడు మందీ లేచి కూర్చున్నారు.

"చూశారా? మందు పనిచేసింది! ఇంతవరకు ఒక్కరికీ తగ్గలేదు. అందరికన్నా ముందు ఈమెకు తగ్గింది!"

"ఆమెకు తగ్గలేదండీ. ఆమె చచ్చిపోయేలా ఉంది" అన్నారు డాక్టరమ్మ.

"మీరు మనిషిని చూస్తున్నారు, డాక్టరమ్మా. నేను ఫలితాన్ని చూస్తున్నాను."

నూకరత్నం పేరు 'కోలుకున్నవారు' పట్టికలో మొదటిదిగా ఎక్కింది. బిళ్ళలు ఆపేశారు. ఆ ఒక్క మేలూ జరిగింది. డాక్టరమ్మ ఆమెను దుప్పట్ల గదిలోకి మార్పించుకున్నారు.

మిగిలిన వందా ముప్పై ఆరు మందికీ రేపు ఉదయం పట్టీలు చూశాక మోతాదు రెట్టింపు. అంటే రోజుకు నాలుగు బిళ్ళలు. వాళ్ళలో ఇప్పటికే ఆరుగురికి చేతుల మీద దద్దుర్లు లేచాయి.

215వ రోజు

ఇవాళ నా గది వరస కన్నా ముందు విశ్రాంతి పంటు. అక్కడ చద్దన్నం, పచ్చడి పెట్టడం అయ్యాక ఆరింటికి పట్టీలు ముంచడం మొదలుపెట్టాను. మొదటిది తెలుపు. పుస్తకంలో 'నీలం' అని రాశాను.

రెండోది తెలుపు. 'నీలం' అని రాశాను.

మూడో పేరు దగ్గర ఆగాను. ఈ పుస్తకంలో నేనెప్పుడూ అబద్ధం రాయలేదు. నూకరత్నం పేరు ఎదురుగా 'తెలుపు' అని రాసినప్పుడు కూడా కంటికి కనబడ్డదే రాశాను. నిజం రాసి ఒక మనిషిని ఆ పంటుకు పంపాను. అది గుర్తొచ్చాక మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. వందా ముప్పై ఆరు సార్లు 'నీలం' అని రాశాను. వాడిన పట్టీలన్నీ నా పక్కన బుట్టలో మల్లెపూలలా తెల్లగా పడి ఉన్నాయి.

కమలాకరం గారు ఎనిమిదింటికి వచ్చారు. పుస్తకం అందుకుని వేలుతో రంగు గడి వెంట కిందికి జారుతూ పోయారు. పేజీ తిప్పారు. మళ్ళీ తిప్పారు. బుట్ట ఆయన మోకాలికి తగులుతూనే ఉంది. అటు చూడలేదు. వ్యాఖ్యల గడి వైపు అసలెప్పుడూ చూడరు.

"ఒక్కరు కూడా మిగల్లేదా?" అన్నారు.

"లేదండి."

"మోతాదు ఇంకా పెంచనేలేదు. పెంచుతామని ప్రకటించాం, అంతే." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్రకటనకే తగ్గిపోయింది, వీరవేణీ!"

నేను తల వంచుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు.

తొమ్మిదింటికి తలుపులు తీశారు. ఉచ్చులోంచి వదిలిన పిట్టల్లా జనం వంతెనల మీదుగా ఎవరి పంట్లకు వాళ్ళు పరిగెత్తారు.

231వ రోజు

నూకరత్నానికి కొత్త చర్మం వచ్చింది. కళ్ళు మాత్రం రాలేదు. రెండు కంటిపాపల మీదా తెల్లటి పొర మిగిలిపోయింది. వెలుతురు తెలుస్తుంది, ఆకారాలు తెలుస్తాయి, మొహాలు తెలియవు. ఇక నీళ్ళలోకి దిగడం ఉండదు.

ఇవాళ ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆవేళ నేను ఆమె మొహం చూశాననీ, రోగం లేదని తెలిసే రాశాననీ.

"మరెందుకు రాసేవే?" అంది.

"భయమేసింది. ఉద్యోగం పోతుందని."

"ఆ తర్వాత నూటముప్పైమందికి అబద్ధం రాసినప్పుడు బయమెయ్యలేదా?"

"వేసింది."

"అయితే ఆరోజు కూడా రాయొచ్చుగా." కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. తర్వాత, "అన్నం కలిపి పెట్టు. సేతులింకా మండుతున్నాయి" అంది. కలిపి పెట్టాను.

జనం ఉసిరి తింటూనే ఉన్నారు, నేను 'నీలం' రాస్తూనే ఉన్నాను. అయితే ఇవాళ ఇంకొకటి జరిగింది. వలలు అల్లే బుల్లబ్బాయి గారి పట్టీ తెల్లగా వచ్చింది. అలవాటుగా 'నీలం' అని రాయబోతూ ఆగాను. ఆయనకు పళ్ళు లేవు, ఉసిరి కొరకలేరు. నోరు కడిగించి, రెండు గంటలు కూర్చోబెట్టి, దొంగతనంగా రెండో పట్టీ ముంచాను. అదీ తెలుపే. కాళ్ళు చూస్తే నీరు పట్టి నున్నగా ఉన్నాయి.

నా అబద్ధం ఇంకొంచెం సాగి ఉంటే ఈయన పోయేవారు. పట్టీని గుడ్డిగా నమ్మి ఒకసారి తప్పు చేశాను. దాన్ని అసలు చూడకుండా రెండోసారి చేయబోయాను. డాక్టరమ్మ దగ్గరికి పంపాను.

240వ రోజు

ఒక ఏర్పాటు కుదిరింది. నా గది వెనక దుప్పట్ల గది. నా దగ్గర తెల్లబడ్డవాళ్ళు అక్కడ నోరు కడుక్కుని రెండు గంటలు కూర్చుంటారు. అప్పటికీ తెల్లగా వస్తే డాక్టరమ్మ చూస్తారు. తెల్లబడకపోయినా ఒంట్లో బాగాలేదన్నవాళ్ళనూ చూస్తారు. అడిగితే దుప్పట్ల కోసం వచ్చామని చెబుతారు. ఇంత ఉక్కలో ఊరు మొత్తానికి ఇన్ని దుప్పట్లు ఎందుకో ఇంతవరకు ఏ కమిటీకీ సందేహం రాలేదు.

వరస చూసే పని నూకరత్నం తీసుకుంది. గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటుంది. గొంతు గుర్తుపట్టి పేరు చెబుతుంది, గుర్తుపట్టకపోతే అడుగుతుంది.

ఇప్పటికి అసలు రోగులు ముగ్గురు తేలారు. ముగ్గురికీ వైద్యం జరుగుతోంది. నా పుస్తకం ప్రకారం ఊళ్ళో రోగమే లేదు. అందుకు కమలాకరం గారికి శాలువా కప్పారు.

262వ రోజు

ఇవాళ నా వరస అయిపోయాక కమలాకరం గారు వచ్చారు. ఒక్కరే. ఆయన పట్టీ పొద్దున్నే చూశాను, నీలం. ఆయన ఉసిరి తినరు, పులుపు పడదు. అది నిజమైన నీలమే అనుకున్నాను.

తలుపు దగ్గరగా వేసి, చెప్పులు విడిచారు. రెండు పాదాలూ ఉబ్బి ఉన్నాయి. చెప్పు పట్టీల గుర్తులు మాంసంలోకి దిగి అలాగే ఉండిపోయాయి.

"పది రోజులుగా ఇలాగే ఉంది. మెట్లెక్కితే ఆయాసం" అన్నారు.

"మీది నీలం కదండీ." ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

"నీలమే." గోడకు తగిలించిన బోర్డు వైపు ఓసారి చూసి, చూపు తిప్పుకున్నారు. "మూత్రపిండాలు కాకుండా గుండె కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. పట్టీకి అవన్నీ ఏం తెలుస్తాయమ్మా?"

అనవలసినవి చాలా ఉన్నాయి, కాని ఆయన కాళ్ళు చూశాక పుస్తకం మూసేశాను.

"డాక్టరమ్మ వెనక గదిలో కూర్చుంటారట కదా" అన్నారు, నేల వైపు చూస్తూ. "ఎన్నాళ్ళ నుంచో తెలుసు. తెలియనట్టు ఉన్నాను."

వెనక తలుపు తీశాను. పదకొండు మంది బల్లల మీద కూర్చుని ఉన్నారు. విశ్రాంతి పంటులో రోజుల తరబడి గడిపినవాళ్ళే సగం మంది. ఆయన్ని చూసి మాటలు ఆపేశారు. ఎవరూ లేవలేదు, ఎవరూ నమస్కారం పెట్టలేదు.

నూకరత్నం అడుగుల చప్పుడు విని తల తిప్పింది. "ఎవరండీ? పేరు సెప్పండి."

ఆయన ఆమె కళ్ళు చూశారు. అంత దగ్గరగా చూడ్డం అదే మొదటిసారి అనుకుంటాను.

"పేరండీ?" అని ఇంకోసారి అడిగింది.

"కమలాకరం."

గదిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. నూకరత్నం చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. ఆమె ఏమంటుందోనని అందరం చూస్తున్నాం. నేనైతే ఆమె లేచి కొట్టినా అడ్డుపడకూడదని నిర్ణయించుకున్నాను.

"పన్నెండో వారు" అంది చివరికి. తర్వాత, ఆయన ఊపిరి ఎగబీలుస్తున్న చప్పుడు విని, తను కూర్చున్న స్టూలు మీంచి లేచి, దాన్ని కాలితో ఆయన వైపు జరిపింది.

"కూకోండి. నిలబడితే కాళ్ళు ఇంకా వాత్తాయి."